గాలపు రీలు – పిడి ఏ చేతికి?

చేపలు పట్టుట మానవజాతి యెఱిగిన అతి ప్రాచీన వృత్తులలో నొకటి. వలయు గాలమును మన తాతముత్తాతల నాటి సాధనములు. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి చెఱువుగట్లపై వెదురుకఱ్ఱకు దారము గట్టి, నీటిపై తేలు బెండును కన్నార్పక చూచుచు గూర్చుండు బాలురను నేటికిని చూడవచ్చును. ఇటీవల వారిలో కొందఱి చేతులకు రీలు గల గాలపుకఱ్ఱలు వచ్చినవి. బెంగుళూరు అంగళ్లలో కొన్నవి కొన్ని, సెల్‌ఫోనులో చూచి తెప్పించుకొన్నవి కొన్ని.

రీలు కొనువారికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న యొకటి కలదు. దానిని త్రిప్పు పిడి కుడివైపున నుండవలెనా, ఎడమవైపున నుండవలెనా? ప్రశ్న చూచుటకు చిన్నది. కాని కొన్ని రకముల రీళ్లలో పిడిని ఒకవైపునుండి మఱియొకవైపునకు మార్చుటకు వీలులేదు. తెలియక కొన్నచో తండ్రి వెచ్చించిన ధనము వ్యర్థమగును. అంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి కలదు. ఏ పనికి ఏ చేతిని ఉపయోగింపవలెనను నియమమును చేసినది ప్రకృతియా, లేక మన అలవాటా? ఈ విచారము గాలమును ముట్టని వారికిని, ముఖ్యముగా ఎడమచేతి వాటము గల పిల్లల తల్లిదండ్రులకును ఉపయోగపడును. కావున ఈ విషయమును కొంత విపులముగా వివరింపదలచితిమి.

రీలు పనిచేయు విధము

రీలు అనగా గాలపుదారమును చుట్టియుంచు చిన్న యంత్రము. అందలి ముఖ్యభాగములు మూడు. దారము చుట్టుకొనియుండునది కండె. మనము చేతితో త్రిప్పునది పిడి. ఈ రెంటిని కలుపునవి పండ్లచక్రములు. చేప బలముగా లాగినపుడు దారము తెగిపోకుండ కొంచెము కొంచెముగా వదలుటకు డ్రాగు అను బిగింపు ఏర్పాటు కూడ నుండును.

రీలు నేటి వస్తువు కాదు. చీనా దేశమున మా యువాన్ అను చిత్రకారుడు వ్రాసినదిగా చెప్పబడు 1195 నాటి చిత్రమున, పడవలో గూర్చున్న జాలరి చేతి గాలపుకఱ్ఱకు రీలు కనబడును. ఇంగ్లండులో 1651లో థామసు బార్కరు ప్రకటించిన గ్రంథమున దీని ప్రస్తావన కలదు. మొదటి రీళ్లు మిక్కిలి సామాన్యమైనవి. పిడి ఒకసారి తిరిగినచో కండెయు ఒకసారియే తిరిగెడిది.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జార్జి స్నైడరు అను గడియారముల పనివాడు 19వ శతాబ్ది తొలిభాగమున పండ్లచక్రములు గల రీలును నిర్మించెను. గడియారపు చక్రముల మర్మము తెలిసినవాడు గనుక అతనికి ఆ యూహ తోచుటలో వింత లేదు. ఆ జాతి కెంటకీ రీళ్లలో పిడి ఒకసారి తిరిగిన కండె నాలుగుసార్లు తిరుగుట పరిపాటి. ఇందు కండె కఱ్ఱపైన అడ్డముగా అమర్చబడియుండును. గాలమును విసరునపుడు కండె గిఱ్ఱున తిరిగి దారమును వదలును. గాలము నీట పడిన తోడనే కండె ఆగవలెను. ఆగనిచో దారము చిక్కులు పడి పిచ్చుకగూడు వలె నగును. కండెను అదుపులో నుంచునది విసరు చేతి బొటనవ్రేలు. దీనిని మనము తిరుగు కండె రీలు అందము. అంగడివారు దీనినే బెయిట్‌కాస్టింగు రీలు అందురు.

1905లో ఇంగ్లండునందలి నేతమిల్లుల కుటుంబమునకు చెందిన ఆల్ఫ్రెడు ఇల్లింగ్‌వర్తు మఱియొక జాతి రీలునకు పేటెంటు పొందెను. మగ్గము నెఱిగిన వారికి ఇది సులభముగా బోధపడును. సాలెవాని నాడెలో కండె తిరుగదు. నూలు దాని కొననుండి జాఱి వెలువడుచుండును. ఈ రీలులోను అట్లే విసరునపుడు కండె తిరుగదు. దారము కండె ముందంచు మీదుగా చుట్టు వెంట చుట్టుగా జాఱిపోవును. మఱల చుట్టునపుడు ఒక తీగ కండె చుట్టును తిరుగుచు దారమును దానిపై చేర్చును. నేడు అంగళ్లలో తఱచు కనబడు స్పిన్నింగు రీలు ఈ జాతికి చెందినదే. ఇది కఱ్ఱకు పైన గాక క్రింద వ్రేలాడును.

రెండు రీళ్లు, రెండు ఆచారములు

ఇప్పుడొక వింత చూడుడు. కుడిచేతి వాటము గల మనుష్యుని కొఱకే చేసిన ఈ రెండు జాతుల రీళ్లలో పిడి రెండు వేర్వేరు వైపులందుండుట చిరకాలపు ఆచారము. స్వీడను దేశపు ఆబూ సంస్థవారి అంబాసడరు 5000 అను తిరుగు కండె రీలునకు పిడి కుడివైపున నుండెను. ఎడమవైపు పిడి గలదానికి వారు 5001 అను అంకె నిచ్చిరి. ఫ్రాన్సు దేశపు మిచెలు 300 అను స్పిన్నింగు రీలునకు పిడి ఎడమవైపున నుండెను. కుడివైపు పిడి గలదానికి 301 అను అంకె నిచ్చిరి. అనగా ఒకరికి కుడి ప్రధానము, ఎడమ ప్రత్యేకము. వేఱొకరికి ఎడమ ప్రధానము, కుడి ప్రత్యేకము.

దీనికి కారణము లేకపోలేదు. తిరుగు కండె రీలుతో కుడిచేత గాలమును విసరినవాడు, అది నీట పడగానే కఱ్ఱను ఎడమచేతికి మార్చుకొని, కుడిచేత పిడిని త్రిప్పును. తొలినాటి రీళ్లలో దారమును కండెపై ఒక కొననుండి మఱియొక కొనవఱకు సమముగా పఱచు ఏర్పాటు లేదు. కఱ్ఱను పట్టిన చేతి వ్రేళ్లే ఆ పనిని చేయవలసియుండెను. త్రిప్పుట శ్రమతో గూడినది గనుక బలమైన చేతికి అది తగునను తలంపును ఉండెను. స్పిన్నింగు రీలు సంగతి వేఱు. అది క్రింద వ్రేలాడుటచే దాని కాడ వ్రేళ్ల నడుమ చక్కగా నిముడును. విసరిన చేయి కఱ్ఱను వదలవలసిన పనియే లేదు. ఖాళీగా నున్న ఎడమచేయి పిడిని అందుకొనును.

కృత్రిమమైన ఈగను ఎరగా విసరు ఫ్లై రీలు విషయమున గాలము వేయువారిలోనే రెండు పక్షములు కలవు. చేపతో పోరునపుడు బలమైన చేయి కఱ్ఱపై నుండవలెనని ఒక పక్షము. చాల దూరము పోయిన దారమును త్వరగా చుట్టుటకు నేర్పుగల చేయి పిడిపై నుండవలెనని రెండవ పక్షము. ఉభయులును దశాబ్దముల తరబడి చేపలను పట్టుచునే యున్నారు.

కావున "కుడిచేతివానికి కుడి పిడి" అనునది గాని, "కుడిచేతివానికి ఎడమ పిడి" అనునది గాని ప్రకృతి శాసనము కాదు. ఒక్కొక్క యంత్రము పుట్టిననాటి అవసరమునుబట్టి ఏర్పడిన ఆచారము మాత్రమే. నేటి తిరుగు కండె రీళ్లలో పెక్కింటికి దారమును సమముగా పఱచు ఏర్పాటు కలదు. పాత కారణము తొలగినది గనుకనే ఎడమ పిడి గల తిరుగు కండె రీళ్లను కోరు కుడిచేతివారు నేడు పలువురు కలరు.

ఏ చేతిపై ఎంత భారము?

ఆచారము నిట్లుంచి, పనియొక్క స్వభావమును లెక్కించి చూతము. విద్యార్థులు భౌతికశాస్త్రమున చదివిన తులాదండ సూత్రము ఇచ్చట ఉపయోగపడును.

ఒక చేప 1 కిలో బరువునకు సమానమైన బలముతో దారమును లాగుచున్నదనుకొందము. కఱ్ఱను పట్టిన చేతినుండి కఱ్ఱ కొనవఱకు 180 సెంటీమీటర్లు. అదే చేతినుండి, కఱ్ఱ మొదలు ముంజేతికి ఆనిన చోటువఱకు 30 సెంటీమీటర్లు. దారము కఱ్ఱకు లంబముగా లాగినచో మొదలువద్ద 180 ÷ 30 = 6 కిలోల ఒత్తిడి కలుగును. నడుమనున్న చేయి ఈ రెంటిని, అనగా 1 + 6 = 7 కిలోలను మోయవలెను. కఱ్ఱ వంగుటచే ఈ భారము వాస్తవమున కొంత తగ్గును.

ఇక పిడి సంగతి. కండెపై దారపు చుట్టు వ్యాసార్ధము 2 సెంటీమీటర్లు, పిడి కాడ పొడవు 5 సెంటీమీటర్లు, పిడి ఒకసారి తిరిగిన దారము 5 చుట్లు చుట్టుకొనుననుకొందము. అప్పుడు పిడివద్ద కావలసిన బలము 1 × 2 × 5 ÷ 5 = 2 కిలోలు. ఒరపిడివలన ఇది కొంత పెరుగును. ఒక్కొక్క త్రిప్పునకు సుమారు 63 సెంటీమీటర్ల దారము లోనికి వచ్చును.

కఱ్ఱను పట్టు చేతిపై 7, పిడిని త్రిప్పు చేతిపై 2. అంతియే కాదు. చేప గట్టిగా లాగుచున్నపుడు నేర్పరులు పిడిని త్రిప్పరు. కఱ్ఱను మెల్లగా పైకెత్తి చేపను దగ్గఱకు తెచ్చి, పిదప కఱ్ఱను దించుచు, వదులైన దారమును మాత్రమే చుట్టుకొందురు. అనగా చేపతో నిజముగా పోరునది కఱ్ఱ పట్టిన చేయి. నీటిలో చేప ఎరను ముట్టిన స్వల్పమైన కదలికను మొదట తెలిసికొనునదియు ఆ చేయియే.

1946లో మన పొరుగున మైసూరు సీమయందలి కబినీ నదిలో జె. డి వెట్ వాన్ ఇంజెన్ గాలముతో 120 పౌనుల మహసీరు చేపను పట్టెను. అనగా సుమారు 54 కిలోలు. పై లెక్కను మనస్సున నుంచుకొని, అట్టి చేప లాగునపుడు కఱ్ఱ పట్టిన చేతి యవస్థను ఊహింపుడు. కావేరియందును దాని యుపనదులయందును పెరుగు ఆ మూపుగల మహసీరు జాతి 2018 నుండి నశించు ప్రమాదము మిక్కిలి యెక్కువగా గల జాతుల పట్టికలో నున్నది. ఎవరి గాలమునకైనను చిక్కినచో దానిని ప్రాణముతో నీట విడువవలెను.

ఈ లెక్కనుబట్టి సాధారణ నియమ మొకటి తేలుచున్నది. తాను విసరు చేతనే కఱ్ఱను పట్టియుంచి, రెండవచేత పిడిని త్రిప్పుట పెక్కుమందికి అనుకూలము. చేతులు మార్చుకొను పని తప్పును. గాలము నీట పడిన క్షణముననే చేప ముట్టినచో, చేతులు మార్చు లోపల అది తప్పించుకొనవచ్చును గదా! అయినను ఎదుటి పక్షమునకును బలము లేకపోలేదు. చిన్నచేపల కొఱకు మాటిమాటికి విసరుచు చుట్టుచు నుండువానికి మోయుటకంటె త్రిప్పుటయే అలసట కలిగించును. అట్టివాడు నేర్పుగల చేతికి పిడి నిచ్చుకొనిన తప్పు లేదు.

ఎడమచేతికి నేర్పు లేదా?

"ఎడమచేత త్రిప్పుట మాకు రాదు" అని కొందఱందురు. మన యిండ్లలోని సాధనములనే చూతము. రాట్నము వడకువారు కుడిచేత చక్రమును త్రిప్పుచు, ఎడమచేత ఏకును పట్టి నూలు తీయుదురు. నూలు సన్నదనము, సమత్వము, తెగకుండుట అంతయు ఎడమచేతి నేర్పు. చేతితో త్రిప్పు కుట్టుయంత్రమున కుడిచేయి చక్రమును త్రిప్పును. గుడ్డను గీతవెంట నడుపునది ఎడమచేయి. వీణ వాయించునపుడు కుడిచేతి వ్రేళ్లు తంత్రులను మీటును. మెట్లపై తంత్రులను నొక్కి లాగి గమకములు పలికించునవి ఎడమచేతి వ్రేళ్లు.

ఈ మూడింటిలోను సూక్ష్మమైన పనిలో అధికభాగము ఎడమచేతిదే. వారెవ్వరును ఎడమచేతి వాటము గలవారు కానక్కఱలేదు. అభ్యాసముచే ఆ చేతికి నేర్పు కలిగినది. రీలు పిడిని గుండ్రముగా త్రిప్పుట వీణ వాయించుటకంటె ఎంతయో సులభము. కొలది దినములలో ఏ చేతికైనను అలవడును.

ఎడమచేతి వాటము గల పిల్లలు

ప్రపంచమున సుమారు పదిమందిలో నొకరు ఎడమచేతి వాటము గలవారు. ఏబదిమంది గల తరగతిలో నలుగురైదుగురు అట్టివారుండుట సహజము. మన ప్రాంతమున వారిని "పుఱ్ఱచేయి" అని పిలుతురు. ఆ పిలుపులో కొంత హేళన ధ్వనించును. కలమును ఎడమచేత పట్టిన బిడ్డను గద్దించి కుడిచేతికి మార్చు అలవాటు మన యిండ్లనుండి పూర్తిగా తొలగలేదు.

భోజనము చేయుట, పెద్దలకు వస్తువు లందించుట మున్నగునవి మర్యాదకు సంబంధించినవి. వానిని ఎడమచేతి వాటము గల పిల్లలును ఓర్పుతో చెప్పిన నేర్చుకొందురు. వ్రాత, కత్తెర, బంతి విసరుట, గాలము విసరుట అట్టివి కావు. అవి చేతి నేర్పునకు సంబంధించినవి. చక్కగా వ్రాయగల చేతిని మాన్పించి, వ్రాయలేని చేతితో వ్రాయుమనుట వలన బిడ్డకు కలుగునది ఆలస్యము, అవమానము. తాను మందబుద్ధినను భ్రమ కూడ కలుగవచ్చును. అట్టి బిడ్డ చదువులో వెనుకబడినచో ఆ తప్పు ఎవరిది? తల్లిదండ్రులు ఆలోచింపవలెను.

ఎడమచేత విసరు పిల్లవానికి స్పిన్నింగు రీలు పిడిని కుడివైపునకు మార్చి యిచ్చిన చాలును. తిరుగు కండె రీళ్లలో పూర్వము కుడిచేతివారి కొఱకే చేసిన కుడి పిడి రీలు అతనికి మఱింత చక్కగా అమరును. అతడు ఎడమచేత విసరి, చేతులు మార్చుకొనకయే కుడిచేత చుట్టుకొనును. ఒకరికి అనుకూలమని చేసిన వస్తువు మఱియొకరికి అంతకంటె అనుకూలమగుట లోకమున వింత కాదు. యంత్రమే తన పిడిని మార్చుకొనుటకు సిద్ధముగా నున్నపుడు, బిడ్డ చేతిని మార్పవలెనని పట్టుపట్టుట ఏల?

కొనునపుడు గమనింపవలసినవి

మొదటిది: పెట్టెపై "లెఫ్ట్ హ్యాండ్" అని యున్నచో అది సాధారణముగా పిడి యెడమవైపున నున్నదని తెలుపును గాని, ఎడమచేతివారి కొఱకు చేసినదని తెలుపదు. ఈ మాటను తాఱుమాఱుగా గ్రహించి కొన్నవారు అనేకులు.

రెండవది: రీలును వాడుకలో నుండు విధమున పట్టి, కఱ్ఱ కొనను ముందుకు చాచి, పిడి ఏవైపున నున్నదో చూడవలెను. స్పిన్నింగు రీలు కఱ్ఱకు క్రిందను, తిరుగు కండె రీలు పైనను ఉండవలెను. తలక్రిందులుగా పట్టి చూచిన కుడి యెడమ యగును.

మూడవది: నేటి స్పిన్నింగు రీళ్లలో పెక్కింటికి పిడిని ఏవైపునకైనను మార్చవచ్చును. కొన్నింటిలో ఎదుటివైపు నున్న మూతమరను విప్పి, పిడిని ఊడదీసి, రెండవవైపున దూర్చి, మూతమరను మఱల బిగింపవలెను. మఱికొన్నింటిలో పిడియే మర వలె లోనికి బిగియును. అట్టివానికి రెండువైపుల మరలు రెండు దిక్కులకు తిరుగును. బిగియనిచో బలవంతము చేయక, కాగితముపై నున్న సూచనలను చదువవలెను.

నాల్గవది: తిరుగు కండె రీలులో పండ్లచక్రములును డ్రాగు బిగింపును పిడివైపుననే యుండును. కావున దాని పిడిని మార్చుటకు వీలులేదు. కొనకముందే నిశ్చయించుకొనవలెను. ఫ్లై రీళ్లలో పెక్కింటిని మార్చవచ్చును గాని, డ్రాగు దిక్కును మార్చి, దారమునంతయు విప్పి ఎదురుదిక్కుగా మఱల చుట్టవలెను.

నిశ్చయించుకొనుటకు సులభమైన పరీక్ష యొకటి చెప్పుదుము. తెలిసినవారి స్పిన్నింగు రీలు నొకదానిని అడిగి తెచ్చుకొనుడు. దారము కొనకు కొక్కెము కట్టక, చిన్న రబ్బరు ముక్కను బరువుగా కట్టుడు. ఎవరును లేని ఆటస్థలమున ఒక గుఱుతు నుంచి, పిడి ఎడమవైపున నుండగా 20 సార్లు, కుడివైపున నుండగా 20 సార్లు విసరి చుట్టుడు. గుఱుతునకు దగ్గఱగా విసరినది ఏ చేయి? చుట్టునపుడు కఱ్ఱ కొన కదలక నిలిచినది ఎప్పుడు? దారము వదులు గాకుండ వచ్చినది ఎప్పుడు? ఫలితములను కాగితముపై వ్రాసికొనుడు. మొదటి దినమున అలవాటు లేని చేయి తడబడును గనుక, వారము గడచిన పిదప మఱల పరీక్షించి, అప్పుడు నిశ్చయించుకొనుడు.

విద్యార్థులారా! ఈత వచ్చిన పెద్దలు తోడు లేక జలాశయముల గట్లకు గాని, హొగెనకల్లు వంటి వడిగల ప్రవాహముల చెంతకు గాని పోకుడు. గాలము వేయుటకు అనుమతి యవసరమైన చోట్ల అనుమతి లేక వేయకుడు. ఇక చేతి విషయమున మేము చెప్పునది యిదియే. నలుగురును ఒకవిధముగా చేయుచున్నారని మాత్రమే ఏ యలవాటును పట్టుకొనకుడు. నలుగురును చేయుచున్నారని మాత్రమే దానిని విడువకుడు. అది ఏల యేర్పడినదో విచారింపుడు, లెక్క వేయుడు, పరీక్షింపుడు. పిదప మీ చేతికి ఏది యనుకూలమో దానినే యెన్నుకొనుడు. మీ ప్రక్కనున్న సహాధ్యాయి వేఱొక చేతిని యెన్నుకొనినచో అతనిని చూచి నవ్వకుడు.